చెన్నై ఉక్కలో దూరపు పరుగు: వేగం ఎందుకు తగ్గుతుంది, ఎంత తగ్గనివ్వాలి

జనవరి మొదట్లో జరిగే చెన్నై మారథాన్‌కు బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి ఎందరో తెలుగువాళ్లు వస్తారు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంబడి కంపెనీల్లో పనిచేస్తూ ఇక్కడే స్థిరపడినవారూ చాలామంది పాల్గొంటారు. పరుగుకు ముందు వారాల్లో వీరి మధ్య ఒక లెక్క తప్పకుండా నడుస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం చెన్నైకంటే దాదాపు 10 శాతం తక్కువ, అంటే ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువూ ఆ మేరకు తక్కువే. పైగా ఆ ఊరి రోడ్లన్నీ ఎత్తుపల్లాలు. చెన్నైలో ప్రాణవాయువుకు కొరత లేదు, మెరీనా రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది. కాబట్టి హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) అయినా ఫుల్ (42 కిలోమీటర్లు) అయినా ఇక్కడ అక్కడికంటే నాలుగు నిమిషాలు ముందే ముగించవచ్చు.

ఈ లెక్కలో ఎత్తు, పీడనం, రోడ్ల సంగతి అన్నీ నిజాలే. అయినా ఫలితం చాలామందికి తిరగబడుతుంది. "హైదరాబాద్‌లో కిలోమీటరుకు ఆరు నిమిషాల చొప్పున హాఫ్ పూర్తిచేశానండీ, ఇక్కడ పన్నెండో కిలోమీటరుకే కాళ్లు బరువెక్కిపోయాయి, నాలో ఏదో లోపం ఉన్నట్టుంది" అని కొత్తగా వచ్చినవాళ్లు దిగులుగా చెబుతుంటే నాకు బాధ కలుగుతుంది. వాళ్ల శిక్షణలో లోపం లేదు, మనోబలంలోనూ లేదు. లెక్కలోకి రావలసిన ముఖ్యమైన సంగతి ఒకటి రాలేదు, అంతే. చల్లని ఊళ్లో మన వేగానికి హద్దు గీసేవి గుండె, ఊపిరితిత్తులు, కండరాల్లోని ఇంధనం. చెన్నైలో ఆ హద్దును ముందుగా గీసేది ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పంపే శక్తి. ఇది తెలిస్తే వేగం, నీళ్లు, ఉప్పు, తిండి, శిక్షణ అన్నీ వేరే విధంగా కుదుర్చుకోవలసి వస్తుంది.

ఒంట్లో పుట్టే వేడి

సమతలం మీద పరుగెత్తేటప్పుడు ఒంటి బరువులో ఒక్కో కిలోకు, ఒక్కో కిలోమీటరుకు సుమారు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి కిలోమీటరుకు ఆరు నిమిషాల వేగంతో, అంటే గంటకు 10 కిలోమీటర్లు పరుగెత్తితే గంటలో 700 కిలో కేలరీలు ఖర్చు. కండరాలు ఈ శక్తిలో నాలుగో వంతు కూడా కదలికగా మార్చలేవు. మిగిలినదంతా వేడిగానే తేలుతుంది. తక్కువలో తక్కువ గంటకు 540 కిలో కేలరీల వేడి అనుకుందాం.

ఆ మనిషి శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి 58 కిలో కేలరీలు చాలు. పుట్టిన వేడి ఏ మాత్రం బయటికి పోకపోతే ప్రతి ఆరున్నర నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుందన్నమాట. 37 డిగ్రీల దగ్గర మొదలైన ఒళ్లు ఇరవై నిమిషాల్లో 40 దాటుతుంది. మనం గంటల తరబడి పరుగెత్తగలుగుతున్నామంటే, పుట్టిన వేడిని పుట్టినట్టే తరిమేసే ఏర్పాటు ఒంట్లో ఉండబట్టే. ఆ ఏర్పాటులో రెండు మార్గాలున్నాయి. చర్మాన్ని తాకుతూ పోయే గాలి కొంత వేడిని పట్టుకుపోతుంది. చర్మం మీది చెమట ఆవిరవుతూ అంతకంటే చాలా ఎక్కువ వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి వదిలిపోతుంది. పైన చెప్పిన మనిషి ఒక్క గంటలో పుట్టించిన వేడికి అది సరిపోతుంది.

ఆ వాక్యంలో 'పూర్తిగా ఆవిరైతే' అన్న మాటే కీలకం. చర్మం మీద ఆరిన చెమటే చల్లబరుస్తుంది. గడ్డం మీదుగా, మోచేతుల మీదుగా కారి రోడ్డు మీద పడిన చెమట వల్ల దాదాపు ఏ ప్రయోజనమూ లేదు. ఒంట్లోంచి నీరూ ఉప్పూ పోయాయి, వేడి మాత్రం పోలేదు. చెన్నైలో లాంగ్ రన్ ముగించి బూట్లు పిండితే నీళ్లు కారడం ఇక్కడి రన్నర్లందరికీ అనుభవమే. ఆ నీళ్లన్నీ వృథాగా పోయిన చెమటే. ముసురు పట్టిన రోజు దండెం మీద వేసిన బట్టలు సాయంత్రానికీ తడిగానే ఉన్నట్టు, గాలి నిండా నీటి ఆవిరి ఉన్నప్పుడు చర్మం మీది తడి ఆరదు.

తేమ శాతం చెప్పని సంగతి

చాలామంది వాతావరణ యాప్‌లో తేమ శాతం చూసి అంచనాకు వస్తారు. ఆ శాతం తప్పుదారి పట్టిస్తుంది. జనవరిలో ఒక తెల్లవారుజామున బెంగళూరులో 16 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకోండి. అదే వేళ చెన్నైలో 24 డిగ్రీలు, తేమ అక్కడిలాగే 85 శాతం. శాతం ఒకటే కాబట్టి చెమట ఒకేలా ఆరుతుందని అనిపిస్తుంది. కానీ చల్లని గాలి పట్టుకోగల నీటి ఆవిరే తక్కువ. అందులో 85 శాతం అంటే అసలు ఆవిరి కొంచెమే. వెచ్చని గాలిలో 85 శాతం అంటే చాలా ఎక్కువ.

చూడవలసింది డ్యూ పాయింట్‌ను. గాలిని ఎంతవరకు చల్లబరిస్తే అందులోని ఆవిరి మంచుబిందువులుగా మారడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత అది. గాలిలో నిజంగా ఎంత ఆవిరి ఉందో అది చెబుతుంది. పై ఉదాహరణలో బెంగళూరు డ్యూ పాయింట్ 13 డిగ్రీలకు కొంచెం పైన, చెన్నైది 21 పైన. 34 డిగ్రీలున్న చర్మం మీది చెమట ఆరే జోరును ఈ రెండు చోట్లా లెక్కగడితే, బెంగళూరు గాలిలో అది మూడో వంతుకు పైగా ఎక్కువ. గాలి తగిలి నేరుగా పోయే వేడి సంగతి ఇంకా తేడా: అక్కడ చర్మానికీ గాలికీ మధ్య 18 డిగ్రీల అంతరం, ఇక్కడ 10 మాత్రమే. రెండు మార్గాలూ ఒకేసారి ఇరుకవుతాయి. ప్రాణవాయువు 10 శాతం ఎక్కువగా అందితే వచ్చే లాభం దీని ముందు నిలవదు.

డ్యూ పాయింట్ వల్ల మరో చిక్కు కూడా విడిపోతుంది. మధ్యాహ్నం 31 డిగ్రీల వేడిలో తేమ 56 శాతానికి పడిపోయిందని యాప్ చూపుతుంది, ఉక్క తగ్గిందని మనం సంతోషిస్తాం. కానీ ఉదయం 24 డిగ్రీల దగ్గర 85 శాతంగా కనిపించినదీ ఇదీ ఒకే డ్యూ పాయింట్. గాలిలో ఆవిరి ఏమీ తగ్గలేదు, గాలి వేడెక్కింది, అంతే. నా అనుభవంలో డ్యూ పాయింట్ 15 లోపు ఉంటే మామూలు వేగానికి ఆటంకం లేదు. 20 దాటితే వేగం తగ్గించుకోవాలి. 24 దాటిన రోజున దూరపు పరుగులో సమయం గురించి ఆలోచించకపోవడమే మేలు. తీరం వెంబడి ఉన్న విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు రన్నర్లకూ ఇదే వర్తిస్తుంది.

ఎండ కూడా తోడైతే డ్యూ పాయింట్ ఒక్కటే సరిపోదు. అందుకోసం వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అనే కొలత ఉంది. 1950లలో అమెరికా మెరైన్ సైనికుల శిక్షణ శిబిరంలో వడదెబ్బలు తగ్గించడానికి దీన్ని రూపొందించారు. ఇందులో తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెకు 70 శాతం, ఎండ తాకే నల్ల గోళంలోని థర్మామీటరుకు 20 శాతం, నీడలోని గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం విలువ ఇస్తారు. మనం రోజూ మాట్లాడుకునే ఉష్ణోగ్రతకు దక్కినది పదో వంతే. మన ఊళ్లలో జరిగే ప్రతి పరుగులో నిర్వాహకులు స్టార్ట్ దగ్గర ఈ అంకెను బోర్డు మీద పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. దానికి కావలసింది ఒక చిన్న పరికరం, దాన్ని చదివే ఒక మనిషి.

గుండె ఇద్దరికి పని చేయాలి

వేడిని చర్మం దాకా మోసుకొచ్చేది రక్తమే. కాళ్ల కండరాలకు ప్రాణవాయువు అందించేదీ అదే రక్తం. చల్లని వేళ ఎక్కువ భాగం కండరాలకు వెళుతుంది. ఉక్కలో చర్మానికి కూడా పెద్ద వాటా ఇవ్వక తప్పదు. ఇది చాలదన్నట్టు, చెమట రూపంలో పోయే నీరు రక్తంలోని ద్రవం నుంచే పోతుంది. ఒక్కో స్పందనలో గుండె నెట్టగల రక్తం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది.

చేతికి వాచీ ఉన్నవాళ్లు దీన్ని కళ్లారా చూడవచ్చు. ఒకే వేగంతో పోతుంటే మూడో కిలోమీటరు దగ్గర 145 ఉన్న గుండె వేగం పదిహేనో కిలోమీటరుకు 165కు చేరుతుంది. కాళ్లు మొదట ఎంత పని చేశాయో ఇప్పుడూ అంతే చేస్తున్నాయి, గుండె మాత్రం ఇంకా పెద్ద పరుగు పరుగెత్తుతోంది. ఇక్కడ పట్టుదలతో అదే వేగాన్ని నిలబెట్టుకోవాలని చూడటమే రెండో సగం కుప్పకూలడానికి మూలం. గుండె వేగం ఒక స్థాయి దాటకుండా కాళ్ల వేగాన్ని తగ్గించుకోవడమే సరైన పద్ధతి. వాచీ లేకపోయినా ఇబ్బంది లేదు: ఫుల్ మారథాన్ మొదటి సగంలో పక్కవారితో రెండు వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. మాట తెగుతూ ఉంటే వేగం ఎక్కువైనట్టే, వాచీ ఏం చెప్పినా సరే.

మెల్లగా పరుగెత్తేవారికే ఎక్కువ కష్టం

వేగంగా పరుగెత్తేవారికే ఎక్కువ వేడి పుడుతుంది కాబట్టి వారికే ప్రమాదం అని ఒక అభిప్రాయం ఉంది. గంట లోపు ముగిసే పరుగుల విషయంలో అందులో నిజం ఉంది. మారథాన్‌లో సంగతి వేరు. ప్యారిస్, లండన్, బెర్లిన్, బోస్టన్, షికాగో, న్యూయార్క్ మారథాన్లలో 2001 నుంచి 2010 వరకు పరుగు పూర్తిచేసిన దాదాపు 18 లక్షల మంది సమయాలను ఫ్రెంచి పరిశోధకులు పరిశీలించి 2012లో ప్రచురించారు. రన్నర్ల స్థాయిని బట్టి అనువైన ఉష్ణోగ్రత సుమారు 4 నుంచి 10 డిగ్రీల మధ్య ఉందని తేలింది. చెన్నైలో ఏడాది పొడవునా అంత చల్లని తెల్లవారుజాము రాదు. అంటే ఇక్కడ పరుగెత్తే ప్రతి మారథాన్ కూడా అనువైన వాతావరణానికి చాలా దూరంగానే జరుగుతుంది. 2007లో వచ్చిన మరో అధ్యయనం, వేడి పెరిగేకొద్దీ అందరి వేగమూ తగ్గుతుందనీ, నెమ్మదిగా పరుగెత్తేవారిది మరింత తగ్గుతుందనీ చూపించింది.

చెన్నైలో దీనికి కారణం గడియారంలోనే కనిపిస్తుంది. ఫుల్ తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. జనవరి మొదట్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకు. మూడు గంటల్లో ముగించే ఉద్దండులు దాదాపు అంతా చీకట్లోనే పరుగెత్తి ఏడుకల్లా నీడకు చేరుకుంటారు. అయిదున్నర గంటలు పట్టే మనబోటి వారికి చివరి మూడు గంటలు ఎండలోనే. కాళ్లు అలసి, ఒంట్లో నీరు తగ్గి, ఇంధనం అయిపోవస్తున్న భాగమే ఆ ఎండ భాగం కూడా. బరువు ఎక్కువున్నవారికి మరో భారం ఉంది. వేడి పుట్టేది బరువును బట్టి, అది పోయేది చర్మం వైశాల్యాన్ని బట్టి. ఒంటి బరువు పెరిగినంతగా చర్మం పెరగదు.

ఈ కారణంగానే నీటి ఏర్పాట్లలో వెనక వచ్చేవారికి ప్రాధాన్యం ఉండాలి. ఒక పరుగులో ముప్పై అయిదో కిలోమీటరు తర్వాత నీళ్ల బల్ల దగ్గర ఖాళీ డబ్బాలు మాత్రమే మిగిలి ఉండటం చూశాను. ముందు వెళ్లినవాళ్లు చల్లదనం కోసం సీసాలకు సీసాలు నెత్తిన గుమ్మరించుకున్నారు. తర్వాత వచ్చినవారికి, అది కూడా ఎండలో, తాగడానికి గుక్కెడు లేదు. తాగే నీరూ తల తడుపుకునే నీరూ వేర్వేరు బల్లల మీద పెడితే ఈ దుస్థితి రాదు.

మెరీనా వెంట పరుగెత్తేటప్పుడు వివేకానందర్ ఇల్లం అనే గుండ్రటి గోడల భవనం ఎదురవుతుంది. 1842లో కట్టిన ఆ భవనం మొదట మంచుగడ్డల గిడ్డంగి. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికన్ వ్యాపారి మసాచుసెట్స్ చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి, ఓడల్లో మద్రాసుకు తెప్పించి, అక్కడ నిలవచేసి అమ్మేవాడు. ఈ ఊరి వేడిని తట్టుకోవడానికి మనుషులు ఎంత దూరం వెళ్లారో తలచుకుంటే, నీళ్ల బల్లల దగ్గర రెండు పెట్టెల మంచుగడ్డలు అడగడం పెద్ద కోరిక కాదనిపిస్తుంది. టోపీ కింద, మెడ చుట్టూ చేతిరుమాలులో పెట్టుకున్న మంచు నిజంగా మేలు చేస్తుంది. చెమట ఆరని గాలిలో నేరుగా వేడిని లాక్కునే చల్లని వస్తువుకు విలువ ఎక్కువ.

నీళ్ల విషయంలో రెండు తప్పులు

1904లో సెయింట్ లూయీ ఒలింపిక్స్ మారథాన్‌ను 32 డిగ్రీల ఎండలో, దుమ్ము రోడ్ల మీద, దారిలో నీళ్లు దాదాపు లేకుండా నడిపించారు. 32 మంది మొదలుపెడితే 14 మంది మాత్రమే చివరిదాకా వచ్చారు. నీళ్లు తాగితే పరుగు చెడుతుందన్న నమ్మకం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు సాగింది. దానికి విరుగుడుగా వచ్చిన సలహా రెండో కొసకు వెళ్లింది: దాహం వేయకముందే తాగండి, వీలైనంత తాగండి. ఇది కూడా ప్రాణాంతకమే.

2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తాన్ని ముగింపు దగ్గర పరీక్షించారు. 13 శాతం మందిలో సోడియం ఉండవలసిన స్థాయికంటే తక్కువగా ఉంది. 2005లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, ఈ పరిస్థితితో ఎక్కువగా ముడిపడి ఉన్నవి పరుగులో బరువు పెరగడం, నాలుగు గంటలకు పైగా పట్టడం. పరుగెత్తి బరువు పెరిగారంటే చెమటగా పోయినదానికంటే ఎక్కువ తాగారనే అర్థం. అదనపు నీరు రక్తంలోని సోడియంను పలచన చేస్తుంది, మెదడు ఉబ్బుతుంది. తలనొప్పి, వికారం, వాంతులు, అయోమయం కనిపిస్తాయి. చూసేవాళ్లు నీరసం అనుకుని మరిన్ని నీళ్లు తాగిస్తారు, పరిస్థితి మరింత దిగజారుతుంది.

మరి ఎంత తాగాలి? ఎవరి లెక్క వారే తేల్చుకోవాలి, అందుకు ఇంట్లో బరువు చూసుకునే యంత్రం చాలు. గంటసేపు పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూడండి. 68 కిలోలు 67.2 అయ్యి, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే, పోయిన చెమట 1.2 లీటర్లు. జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది. పోయినదంతా తిరిగి నింపాలని ప్రయత్నించవద్దు. కడుపు గంటకు 800 మిల్లీలీటర్ల నుంచి లీటరుకు మించి స్వీకరించడం కష్టం. ఒంటి బరువులో రెండు శాతం వరకు తగ్గినా చాలామందికి ఇబ్బంది ఉండదు. దాహాన్ని నమ్ముకుని, ప్రతి బల్ల దగ్గరా కొద్దికొద్దిగా తాగుతూ పోవడం, బరువు పెరిగేటంత మాత్రం తాగకపోవడం క్షేమకరం.

చెమటలో లీటరుకు అర గ్రాము నుంచి రెండు గ్రాముల దాకా సోడియం పోతుంది. మనిషికీ మనిషికీ ఇంత తేడా ఉంటుంది. పరుగు తర్వాత నల్ల చొక్కా మీద తెల్లటి చారలు కట్టేవారు ఎక్కువ ఉప్పు పోగొట్టుకునే రకం. రెండు గంటలు మించిన పరుగుకు ఉప్పు కూడా కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు సుమారు 1.7 గ్రాముల సోడియం ఉంటుంది, మందుల దుకాణంలో తేలిగ్గా దొరుకుతుంది. లీటరు నీళ్లలో కలపమని ఉన్న పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపి తాగితే మాత్రం కడుపు తిప్పుతుంది. ఓఆర్‌ఎస్ అన్న పేరుతో అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాల సంగతి వేరు. వాటిలో చక్కెర ఎక్కువ, సోడియం తక్కువ. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఫలించి, ఆ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆ పోరాటం పిల్లల కోసం జరిగింది, దాని మేలు మనకూ అందింది.

ఇంధనం త్వరగా అయిపోతుంది

కండరాల్లో, కాలేయంలో కలిపి 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకున్న చక్కెర) నిలవ ఉంటుంది, అంటే 2000 కిలో కేలరీల లోపు. 70 కిలోల మనిషి ఫుల్ మారథాన్‌కు 2900 దాకా కావాలి. కొవ్వు కొంత ఆదుకున్నా, ముప్పై కిలోమీటర్లు దాటాక కాళ్లు ఒక్కసారిగా మొరాయించడానికి ముఖ్య కారణం ఈ లోటే. వేడిలో కండరాలు కొవ్వును తక్కువగా, గ్లైకోజెన్‌ను ఎక్కువగా ఖర్చుచేస్తాయి. కాబట్టి చెన్నైలో రన్నర్లు 'గోడ' అని పిలిచే ఆ స్థితి ముందుగానే ఎదురవుతుంది.

గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలన్నది సాధారణ సలహా. ఒక మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. అయితే ఉక్కలో రక్తం చర్మానికీ కండరాలకూ పోయి జీర్ణకోశానికి తగ్గుతుంది, చల్లని ఊళ్లో ఇబ్బంది పెట్టని తిండే ఇక్కడ వికారం తెప్పిస్తుంది. ఎనర్జీ జెల్ (పొట్లాల్లో దొరికే చిక్కటి తీపి గుజ్జు) తిన్నప్పుడు మామూలు నీళ్లే తాగాలి, తీపి పానీయం కాదు. మొదటి గంటలో, కడుపు ఇంకా చక్కగా పనిచేస్తున్నప్పుడే తినడం మొదలుపెట్టాలి. ఏం తినాలన్నది లాంగ్ రన్‌లలో తేల్చుకోవాలి. పెరుగన్నం తిని రాత్రి పడుకుని ఉదయం బ్రహ్మాండంగా పరుగెత్తేవాళ్లను ఎరుగుదును. వారికి మరేమీ అక్కర్లేదు.

శరీరం నేర్చుకుంటుంది

ఈ కథలో ఆశ కలిగించే భాగం ఇది. రోజూ గంటసేపు వేడిలో శ్రమిస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో శరీరం మారుతుంది. మొదటి వారంలోనే రక్తంలోని ద్రవ భాగం పెరుగుతుంది, గుండెకు పని తేలికవుతుంది. ఆ తర్వాత చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. బెంగళూరు నుంచి వచ్చి చెన్నైలో ఉద్యోగంలో చేరినవారు మొదటి రెండు వారాల పరుగులను చూసి నిరుత్సాహపడకూడదు. పరుగు వేగం కాదు, వేడిలో గడిపిన సమయమే అప్పుడు లెక్క. పోటీకోసం మాత్రమే వచ్చేవారు చివరి రెండు వారాలు తెల్లవారుజామున కాకుండా సాయంత్రం నాలుగింటికి, నెమ్మదిగా పరుగెత్తినా కొంత ఫలితం ఉంటుంది. ఈ అలవాటు నిలిచేది మాత్రం కొద్ది వారాలే. రక్తపోటుకు, గుండెకు మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా ఈ సాధన చేయకూడదు.

అలవాటు పడినా ఉక్క హద్దు చెరిగిపోదు. 2019 సెప్టెంబరులో దోహాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా 30 డిగ్రీలు దాటిన వేడి, 70 శాతం మించిన తేమ. 68 మంది అత్యుత్తమ రన్నర్లలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. కెన్యాకు చెందిన రూత్ చెప్‌న్గెటిచ్ గెలిచిన సమయం 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు. అదే ఏడాది జనవరిలో ఆమె దుబాయ్‌లో 2 గంటల 17 నిమిషాల 8 సెకన్లలో పరుగెత్తారు. ప్రపంచ విజేతే పావుగంట వదులుకున్న చోట, కిలోమీటరుకు ఇరవై, ముప్పై సెకన్లు తగ్గించుకోవడానికి మనం సిగ్గుపడవలసిన పని లేదు. బెంగళూరు సమయాన్ని పట్టుకుని చెన్నైకి వచ్చేవారికి నా సలహా అదే: మొదటి పది కిలోమీటర్లు కిలోమీటరుకు అర నిమిషం నెమ్మదిగా పోండి, మెరీనా కొసన ఉన్న నేపియర్ వంతెన దగ్గర జనం హుషారులో కొట్టుకుపోవద్దు. ఇరవై అయిదు దాటాక ఒంట్లో శక్తి మిగిలి ఉంటే అప్పుడు వేగం పెంచండి.

వడదెబ్బ తగిలినప్పుడు

వడదెబ్బ అంటే చెమట ఆగిపోయి ఒళ్లు పొడిబారుతుందని పుస్తకాల్లో చదువుకున్నాం. ఇంట్లో ఉండగా ముసలివారికి తగిలే వడదెబ్బలో అలా జరుగుతుంది. పరుగెత్తుతూ కుప్పకూలినవారి ఒళ్లు చెమటతో తడిసి ఉండవచ్చు, అయినా లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. చూడవలసింది మనిషి తీరును: తూలుతున్నారా, అడిగినదానికి పొంతన లేని జవాబు ఇస్తున్నారా, ఏ ఊళ్లో ఉన్నారో చెప్పలేకపోతున్నారా, అకారణంగా కోపగించుకుంటున్నారా. వీటిలో ఏది కనిపించినా అది అత్యవసరం. "ఇంకా రెండు కిలోమీటర్లే, పదండి" అని వారిని ప్రోత్సహించడం అన్నిటికంటే ప్రమాదకరం. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. నొప్పి మాత్రలు ముందే వేసుకుని పరుగెత్తడం మూత్రపిండాలకు కీడు చేస్తుంది.

చికిత్స ఒక్కటే: అక్కడే, అప్పుడే చల్లబరచాలి. ఆసుపత్రికి తరలించడం ఆ తర్వాతి పని. మెడ దాకా మంచునీళ్ల తొట్టిలో కూర్చోబెట్టడాన్ని మించిన మార్గం లేదు. అమెరికాలో ఏటా ఆగస్టు వేడిలో జరిగే ఫాల్మత్ రోడ్ రేసులో 18 ఏళ్లలో వడదెబ్బ తగిలిన 274 మందికి ఇలాగే చికిత్స చేశారు. అందరూ బతికారు. తొట్టి లేకపోతే పెద్ద టార్పాలిన్ నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని, మధ్యలో మనిషిని పడుకోబెట్టి, మంచునీళ్లు పోస్తూ అటూ ఇటూ కదిలించినా పని జరుగుతుంది. ఆలస్యమైన ప్రతి నిమిషం మెదడుకు, కాలేయానికి, మూత్రపిండాలకు నష్టమే. అందువల్ల పరుగుకు ముందు రోజు బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు) తీసుకోవడానికి వెళ్లినప్పుడు, టీషర్టు సైజు గురించి అడిగే ముందు, మంచునీళ్ల తొట్టి ఏ కిలోమీటరు దగ్గర పెడుతున్నారో, చివరి రన్నర్ వచ్చేదాకా దాన్ని ఉంచుతారో లేదో అడగండి.